దొక్‌చిల్ సమాధి పక్కన ముళ్ళపొద

మా ఊళ్ళో కోడళ్ళని పుట్టింటి ఊరి పేరుతోనే పిలుస్తారు. సోల్మె నుంచి వచ్చింది కాబట్టి ఆవిడ సోల్మె పిన్ని. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో. డెబ్భై నాలుగేళ్ళు. నడుము వంగిపోయింది గాని నోరు మాత్రం ఇంకా వంగలేదు.

ఆవిడ భర్త దొక్‌చిల్ బాబాయి తాగుబోతు. మంచివాడే, కానీ ఆ మంచితనం చూపించడానికి ఆయనకి ఎప్పుడూ తీరిక దొరకలేదు. పెళ్ళైన ఏడాది వరి విత్తనాలు తెస్తానని కొండ దాటి వెళ్ళి, మూడోనాడు మొహమంతా గీరుకుపోయి, వీపు మీద ఒక ముళ్ళపొద మోసుకొచ్చాడు. అడవి బొక్‌బున్‌జా, అంటే నల్ల కోరింద. కొమ్మల నిండా పిండి జల్లినట్టు తెల్లటి పూత, కొక్కేల్లాంటి ముళ్ళు.

"విత్తనాలేవి?" అంది పిన్ని.

"ఇది నీకోసమే తెచ్చా. పళ్ళు నల్లగా, భలే తియ్యగా ఉంటాయి."

పిన్ని దాన్ని తీసుకెళ్ళి మరుగుదొడ్డి వెనకాల విసిరేసింది. అక్కడది దున్నపోతులా బలిసింది. ఇక చేసేది లేక ఏటా ఎండాకాలంలో పళ్ళు కోసి, పంచదార వేసి, సారా పోసి జాడీలో పెట్టేది. వంద రోజులకి వడగడితే బాబాయి తాగేవాడు. పిన్ని చుక్క ముట్టేది కాదు. ఇంటికొక తాగుబోతు చాలనేది.

బాబాయి పోయిన రెండేళ్ళకి నెలన్నర పాటు ఎడతెగని వానలు పడ్డాయి. ఈ మొక్కకి నీళ్ళు నిలిస్తే పడదు. ఊళ్ళో పొదలన్నీ వేళ్ళు కుళ్ళి చచ్చాయి. పిన్నిది కూడా పోయింది. వంగి నేలకి తగిలిన ఒక కొమ్మ కొస మాత్రం గట్టు మీద వేరు పట్టి మిగిలింది. పిన్ని దాన్ని గంపలో పెట్టుకుని కొండెక్కి, మొగుడి సమాధి పక్కన నాటింది. వాలు నేల కదా, అక్కడ నీళ్ళు నిలవవు.

"బతికున్నన్నాళ్ళూ ఒక్క పంటా పండించలేదు. ఇప్పుడైనా పని చెయ్యనీ" అంది నాతో.

బాబాయి బుద్ధిగా చేశాడు. ఆరేళ్ళకి పొద మనిషెత్తు పెరిగి, కొమ్మలు సమాధి దిబ్బ మీదికి వాలి అక్కడా వేళ్ళు దించాయి. వంశమంతా గగ్గోలు. వేళ్ళు లోపలికి దిగితే పోయినవాడికి నిద్రుండదట, బతికున్నవాళ్ళకి అరిష్టమట.

ఈసారి పెద్దల్ని తలుచుకునే పౌర్ణమి పండగ ముందు అందరం సమాధుల మీద గడ్డి కోయడానికి వెళ్ళాం. వంశపెద్ద గ్యేహ్వాన్ పెదనాన్న కోత మెషిన్ భుజాన వేసుకుని నేరుగా పొద దగ్గరికే వచ్చాడు.

"ఏమ్మా, ఇదేం పని? మా తమ్ముడి పొట్టలోకి ముళ్ళు దింపావా? ఇవాళ వేళ్ళతో సహా పీకేస్తున్నా."

"పీకండి బావగారూ. ముందు ఆయనకో మాట చెప్పి పీకండి" అని పిన్ని మూట విప్పి సారా సీసా తీసింది. సీసా అందించినా వెంటనే వదల్లేదు. నాకు తెలుసు ఎందుకో. బాబాయి తన చేత్తో ఆవిడకి తెచ్చిచ్చిన వస్తువు ఈ లోకంలో ఆ పొదొక్కటే.

పెదనాన్న దిబ్బ మీద కాస్త ఒలకబోసి, దణ్ణం పెట్టి, తనూ ఓ గుక్క తాగాడు. తాగి ఆగిపోయాడు.

"ఇది చలికాలంలో నువ్వు మా ఇంటికి పంపేదే కదూ?"

"అదే బావగారూ. నాలుగేళ్ళుగా ఈ పొదదే."

అన్నం గిన్నెలు సర్దుతున్న పెద్దమ్మ తలెత్తింది. "ఏంటీ, మీ మోకాళ్ళ మందు తమ్ముడి పొట్టలోంచి వస్తోందా?"

"మోకాళ్ళకేనా పెద్దమ్మా?" అన్నాను, నోరూరుకోక.

"మోకాళ్ళకనే ఆయన చెప్తారు. రాత్రంతా నాకు నిద్రుండదు."

పదకొండు మంది మగాళ్ళం తలలు దించుకుని గడ్డి వంక చూశాం. పెదనాన్న చెవులు ఎర్రబడ్డాయి. పొద చుట్టూ ఒకసారి తిరిగి, గొంతు సవరించుకున్నాడు.

"ఇది ఉత్త ముళ్ళపొద కాదర్రా, ఔషధం. దిబ్బ మీదికెక్కిన కొమ్మలు మాత్రం కత్తిరించండి. మొదలు జోలికెళ్ళారో, కాళ్ళు విరగ్గొడతా."

అవసరం పడితే మా పెదనాన్నకి ఎక్కడలేని జ్ఞానమూ వస్తుంది.

అందరూ దిగిపోయారు. పిన్నిని దింపాలని నేను ఆగాను. ఆవిడ సమాధి పక్కన చతికిలబడి, సీసాలో మిగిలింది గిన్నెలోకి వంపుకుంది.

"నీ వాటా అయిపోయింది. బతికున్నన్నాళ్ళూ నా వాటా కూడా నువ్వే తాగావు" అని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఓ గుక్క తీసుకుంది. కాసేపు మింగకుండా నోట్లోనే ఉంచుకుంది. తర్వాత చొక్కా చేతి అంచుతో కళ్ళు తుడుచుకుంది.

"ఇంత బాగుంటుందని గట్టిగా చెప్పొచ్చు కదయ్యా. నీ పక్కన కూర్చుని ఓ చుక్క తాగేదాన్ని."