రెండో సిలిండర్‌లో ఏముంది

మెట్లెక్కే ఒక కుంటి అడుగు చప్పుడును ఏళ్లుగా మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కూడా. మీరెవరో నాకు తెలియదు, నా ముఖం మీరు చూడరు. అందుకే మీకు చెప్పగలననిపిస్తోంది.

నేను లెక్కల టీచర్ని. ఆబిడ్స్‌లో గడియారాలు బాగుచేసే దుకాణం పైన మా డైవింగ్ బృందానికో గది ఉంది. ఆదివారాలు అక్కడ సముద్రంలో డైవింగ్ చేయాలనుకునేవాళ్లకు పాఠం చెబుతాను. హైదరాబాదులో సముద్రమెక్కడిదని నవ్వుతారు. ఇక్కడ లెక్క నేర్పి, నాంపల్లిలో రైలెక్కించి, విశాఖ తీసుకెళ్తాం. సిలిండర్‌లో మామూలు గాలికి బదులు ఆక్సిజన్ పాలు పెంచిన నైట్రాక్స్ ఉంటుంది. ఆక్సిజన్ పెరిగితే నైట్రోజన్ తగ్గుతుంది, నీళ్లలో ఇంకాస్త సేపు ఉండొచ్చు. కానీ మొదటిసారి దిగినప్పుడు ఒంట్లో చేరిన నైట్రోజన్, పడవలో కాసేపు కూర్చున్నంత మాత్రాన పూర్తిగా పోదు. అది మోతాదు మించితే పైకొచ్చాక ఒంట్లో బుడగలై నరాలను దెబ్బతీస్తుంది. రెండోసారి ఎంతసేపు ఉండొచ్చో చూసేటప్పుడు ఆ మిగిలింది కూడా కలుపుకోవాలి. ముప్పై రెండు శాతం ఆక్సిజన్‌కు ఒక పట్టిక, ముప్పై ఆరుకు ఇంకో పట్టిక. సిలిండర్ మారితే పట్టిక మారాలి. పిల్లలకు ఎక్కాలు వల్లె వేయించినట్టు నేను వల్లె వేయించే మాట ఇదే.

మల్లేశం బేగం బజార్‌లో స్టీలు సామాన్ల దుకాణంలో పనిచేసేవాడు. ఊళ్లో వ్యవసాయ బావుల్లో ఈత నేర్చినవాడు. నన్ను అక్కా అనేవాడు. నీళ్లలో వాణ్ణి చూస్తే నాకే ఈర్ష్యగా ఉండేది. తనూ డైవింగ్ నేర్పేవాడవ్వాలని వాడి కోరిక. అయ్యేవాడు కూడా.

వాడితో విశాఖ వెళ్లిన ప్రయాణంలో నాంపల్లి ప్లాట్‌ఫారం మీదే అందరి లెక్కా వేసేశాను. మొదటిసారి దిగడానికి ముప్పై రెండు, రెండోసారికి ముప్పై ఆరు. తీరా పడవలో పరీక్షిస్తే మల్లేశం రెండో సిలిండర్ ముప్పై రెండే చూపించింది. నేనే టేపు మీద ఆ అంకె రాసి అతికించాను. వాడి సమయం వేరే పట్టికలో మళ్లీ చూసి తగ్గించాలి. చూడలేదు. మరిచిపోయానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. ఎందుకంటే వాడు అడిగాడు.

“అక్కా, నా దాని మీద ముప్పై రెండున్నది. టైమ్ గదే ఉంటదా?”

మిగతావాళ్లు పడవ ఆ చివర ఉన్నారు. ఎవరూ వినలేదు, నా పరువు పోయేదేమీ లేదు. అయినా ఒళ్లు మండింది. దుకాణంలో గిన్నెలు సర్దేవాడు నా లెక్కకు వంక పెట్టడమా?

“లెక్క నేను జూసిన. నువ్వు మాస్క్ సక్కగ పెట్టుకో.”

“సరే అక్కా. నువ్వు జెప్పినంక నాకేం ఫికర్.”

ఇద్దరం జతగా దిగాం. ఒకే లోతు, ఒకే సేపు. నాది ముప్పై ఆరు, వాడిది ముప్పై రెండు. పడవెక్కిన కాసేపటికి నడుము నొప్పన్నాడు. తర్వాత కాళ్లు తెలియడం లేదన్నాడు. అందరూ వాడికి ఆక్సిజన్ పెట్టే హడావిడిలో ఉండగా నేను ఆ టేపు పీకి నీళ్లలో పడేశాను. దవాఖానలో డాక్టర్ అడిగితే, గాభరా పడి గబగబా పైకొచ్చేశాడని చెప్పాను. అలా వచ్చినా ఇదే జరుగుతుంది. నీళ్లలో వాడితో ఉన్నది నేనొక్కదాన్నే. కాదనేదెవరు? మల్లేశం కూడా కాదనలేదు. అక్క చెప్పింది కదా.

ప్రాణం దక్కింది. కుడికాలికి పూర్తిగా సత్తువ రాలేదు. వాడు మళ్లీ సముద్రంలోకి దిగలేదు.

కొత్తవాళ్లు చేరినప్పుడల్లా వాణ్ణి పిలుస్తాం. నాంపల్లి నుంచి ఆటోలో వచ్చి, రెయిలింగ్ పట్టుకుని మెట్లెక్కి, “నా తీర్గ గాభరా పడకున్రి” అని చెప్తాడు. నేను పక్కనే తేలు కుట్టిన దొంగలా కూర్చుంటాను. మొదటిసారి పిలిచింది నేనే. నలుగురికి పనికొచ్చానన్న తృప్తి వాడికి దక్కాలని పిలిచానా, లేక నా అబద్ధాన్ని వాడి నోటితోనే చెప్పిస్తే అదే నిజమై కూర్చుంటుందని పిలిచానా? రెండోదే అనుకుంటాను. సిగ్గుగా ఉంది.

పోయిన ఆదివారం ఒకమ్మాయి అడిగింది, ఆ రెండో సిలిండర్‌లో ఏముందని. మల్లేశం ఆ అమ్మాయిని చూడలేదు. నన్ను చూశాడు.

“అక్కనే జెప్తది” అన్నాడు.

ముప్పై ఆరు, అన్నాను.

తలూపాడు. పాఠం అయ్యాక ఎప్పుడూ కింద ఇద్దరం చాయ్ తాగుతాం. ఆ రోజు ఆగలేదు. వాడికి గుర్తుందా? మొదటినుంచీ తెలుసా? తెలిసీ నేను చెప్తానేమోనని ఇన్నేళ్లు ఆ మెట్లెక్కుతున్నాడా? అడిగే ధైర్యం నాకు లేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. వాడి ఎదుట నోరు పెగులుతుందో లేదో తెలియదు. ముందు ఇక్కడైనా ఆ అమ్మాయికి సరైన జవాబు చెప్పనివ్వండి. ఆ సిలిండర్‌లో ఉన్నది ముప్పై రెండు. దిగే ముందు మల్లేశం నన్ను అడిగాడు. పైకి మాత్రం నిదానంగానే వచ్చాడు, నా పక్కనే.