బావగారి అసూయ

మొన్న పొద్దున్న మా వీధిలో ఒక కుర్ర తండ్రి స్కూలు బస్సు కోసం నిలబడి, కూతురికి ఊడిపోయిన జడ గబగబా అల్లుతుంటే, కిటికీ దగ్గర కూర్చున్న నాకు మా బావగారు గుర్తొచ్చారు. ఆడపిల్లకు జడ వేసే మగవాణ్ణి నేను మొదటిసారి చూసింది ఆయన్నే, అదీ చోడవరంలో, నేను కొత్తకోడలిగా అడుగుపెట్టిన యాభైల్లో. ఇప్పుడంటే వింత కాదు గాని, అప్పట్లో మగవాడు దువ్వెన పట్టాడంటే వీధి వీధంతా నవ్వేదని మా ఈడువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

బావగారంటే మా ఆయనకు అన్నగారు. బర్మా యుద్ధంలో పనిచేసి వచ్చి, బడిలో డ్రిల్లు మాస్టారుగా కుదిరారు. గుండ్ల మోతకు ఒక చెవి పోయింది. అందుకని మా తోడికోడలు ఏం చెప్పినా తల వంచి, బాగున్న చెవిని ఆవిడ నోటి దాకా తెచ్చి వినేవారు. అది చెవుడని తెలిసి కూడా నాకు ఒళ్ళు మండేది. మా ఆయనకు రెండు చెవులూ నిక్షేపంగా పనిచేసేవి, నా మాట మాత్రం ఒక్కదాంట్లోనూ పడేది కాదు. బుచ్చయ్యపేట దారిలో చెరుకు చేను, బెల్లం వండే గానుగ, ఇంటికొస్తే అన్నం, నిద్ర. అటు బావగారేమో రోజూ కుటుంబ ప్రార్థనలో భార్యనీ పిల్లల్నీ పేరుపేరునా దేవుడికి అప్పగించి, "ఈ ఇంటికొచ్చిన సిన్నకోడల్ని కూడా సల్లగా సూడు ప్రభువా" అని నన్నూ చేర్చేవారు. కళ్ళు మూసుకుని ఆమేన్ అనేదాన్ని గాని, నా కోసం ఆ మాట అడగవలసిన మనిషి పక్కనే మోకరించి కునుకుతున్నాడని లోపల ఉడికిపోయేదాన్ని.

ఒక ఏడు బెల్లం వంటల రోజుల్లో వాళ్ళ పెద్దమ్మాయికి టైఫాయిడ్ తగిలింది. ఆ పిల్ల కడుపులో ఉండగానే బావగారు పటాలంలోకి వెళ్ళిపోయారట. తిరిగొచ్చేసరికి అది వీధిలో పరుగులు పెడుతోందట. ఈ మధ్యలో దాన్ని భుజాన వేసుకుని తిప్పిందీ, గోరుముద్దలు తినిపించిందీ మా ఆయనే. జ్వరంలో బావగారు మంచం విడవకుండా తడిగుడ్డలు వేస్తూ కూర్చుంటే, ఆ పిల్ల ఆయన చేతి గంజిని తోసేసి, "సిన్నాన్న ఏడీ?" అని కలవరించింది. గానుగ దగ్గరికి కబురెళ్ళింది. మా ఆయన బెల్లం అంటిన చేతులు కడుక్కుని వచ్చి, "ఒసే అమ్మలూ, రెండు గుక్కలు తాగవే, నా తల్లి కదూ" అన్నారు. పిల్ల తాగింది. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. ఆ గొంతులో అంత మెత్తదనం ఉందని పెళ్ళయ్యాక అదే మొదటిసారి నాకు తెలియడం.

 ఆ సాయంత్రం ప్రార్థనలో బావగారు, మేమంతా వింటుండగానే, "ప్రభువా, నా తమ్ముణ్ణి సూస్తే నాకు కుళ్లుగా ఉంది. నాను లేనప్పుడు ఆడే నా గుంటని పెంచేడు. ఆడికి దణ్ణం ఎట్టాల్సింది పోయి ఏడుస్తన్నాను. జడలేసినా, ఏటి సేసినా అది నా దగ్గరికి రాదు. ఈ బుద్ధి నువ్వే తీసీ" అన్నారు.

తోడికోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా ఆయన ఆమేన్ కూడా అనకుండా లేచి, అన్నగారి బాగున్న చెవి వైపుకి వెళ్ళి కూర్చుని, "రేపు గంజి నువ్వే పట్టన్నయ్యా. నాను పక్కన కూకుంటాను" అన్నారు.

అలాగే చేశారు. మొదట పిల్ల మొహం తిప్పుకుంది. మర్నాడూ అంతే. జ్వరం దిగి పథ్యం పెట్టే నాటికి తండ్రి చేతి ముద్ద తింది, కళ్ళు మాత్రం చిన్నాన్న మీదే. బావగారికి అదే పదివేలు. ఆ వేళ బడికి కీర్తన పాడుకుంటూ వెళ్ళారు.

నాకు మాత్రం అసూయ తగ్గకపోగా రెట్టింపయింది. అంతవరకూ తోడికోడలి మీదే, ఇక ఆ పిల్ల మీద కూడా. నా మొగుడి మంచి మాటలన్నీ నేను కాపురానికి రాకముందే దాని దగ్గర ఖర్చయిపోయాయనిపించేది. ఒకసారి ఉండబట్టలేక, నీ అదృష్టం నాకు లేదని తోడికోడలితో అనేశాను. ఆవిడ బియ్యం చేట పక్కన పెట్టి, "నీ మొగుడు పెళ్ళైన కాడ్నించి నీ కళ్ళ ముందే ఉన్నాడు. నాను బతికున్నాడో లేదో తెలీని మనిషి కోసం ఏళ్ళకేళ్ళు ఎదురుసూసేను. నిన్ను సూస్తే నాకే కుళ్లుగా ఉంటాదే" అంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నవ్వు రాలేదు.

వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. ఈ రోజుల్లో ఇళ్ళల్లో ప్రార్థనలు ఎంతో చక్కని భాషలో సాగుతాయి. దేశాల కోసం, రోగుల కోసం, పిల్లల పరీక్షల కోసం అడుగుతారు. పక్కన మోకరించినవాణ్ణి చూస్తే కుళ్లుగా ఉందని మాత్రం ఎవరూ అనరు. ఆ మాట అనగలిగిన మనిషితో కాపురం చేసింది మా తోడికోడలు. ఆవిడ పోయి ఇన్నేళ్ళయినా, అందుకు నేనావిడను ఇంకా క్షమించలేదు.