డిపో మేనేజరు మామయ్యకు

మా ఆవిడ నాగవల్లి పంతులమ్మ. ఆ సంగతి ఆమె ఇంట్లో కూడా మర్చిపోదు. వినుకొండ బస్టాండు దగ్గర స్టీలు సామాన్ల కొట్టు నడుపుకునే నాకు పెళ్లయిన కొత్తలోనే అది తెలిసొచ్చింది. ఒకరోజు "అన్నానికి రాను" అని చీటీ రాసి బల్లమీద పెట్టి కొట్టుకు పోయాను. సాయంత్రం వచ్చి చూస్తే దాని కింద ఎర్ర సిరాతో "ఎవరు? ఎవరికి? ఎందుకు?" అని రాసి ఉంది. అప్పటినుంచి నేను ఫోన్లో మెసేజీ పెట్టినా "సౌభాగ్యవతి నాగవల్లికి" అని మొదలుపెట్టి "ఇట్లు, శ్రీమన్నారాయణ" అని ముగిస్తాను. వెటకారానికే లెండి. ఆమె మాత్రం వెటకారమని ఒప్పుకోదు. "ఇప్పుడు బాగుంది" అంటుంది.

ఆమె బడి శావల్యాపురం పోయే దారిలో ఒక పల్లెలో, రోడ్డు పక్కనే ఉంది. అక్కడ అయిదో తరగతి ఆమెది. పిల్లల నాన్నలు కొందరు క్వారీ పనికి, కొందరు లారీల మీద పోతారు, మిగతావాళ్లది వ్యవసాయం. బస్సు బడి ముందునుంచే పోతుంది కానీ ఆగదు. అక్కడికి మైలు దూరంలో ఉన్న సెంటర్లో ఆగుతుంది. మా ఆవిడ రోజూ అక్కడ దిగి, టిప్పర్లు లేపే దుమ్ములో వెనక్కి నడుస్తుంది. చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది తప్ప ఒక్కనాడూ విసుక్కోలేదు. నా మీద విసుక్కోవడానికి దాచుకుంటుందేమో.

కిందటి ఏడు పిల్లలకు ఉత్తరాల పాఠం వచ్చింది. మా ఆవిడ లెక్కలో ఉత్తరాలు రెండే రకాలు, ఇంటి ఉత్తరం, ఆఫీసు ఉత్తరం. ఆఫీసు ఉత్తరం అనగానే ఎక్కడైనా "జ్వరం వచ్చినందున రెండు రోజులు సెలవు" అనేదే రాయిస్తారు. ఆమెకు అదంటే ఒళ్లు మంట. రాయిలా ఉన్న పిల్లాడికి లేని జ్వరం తెప్పించి రాయించేది ఉత్తరమెట్లా అవుద్దని నామీద అరిచింది, అదేదో నేను కనిపెట్టినట్టు. ఈసారి నిజంగా కావలసినదాని కోసమే రాయిస్తానంది.

నిజంగా కావలసినది ఉంది. ఆ తరగతిలో లక్ష్మి అని చురుకైన పిల్ల. తల్లీ తండ్రీ మాచర్ల వైపు రాళ్ల పనికి పోతే నాయనమ్మ లింగమ్మ దగ్గర పెరుగుతోంది. ఆరో తరగతి చదవాలంటే శావల్యాపురం హైస్కూలుకు బస్సెక్కాలి. లింగమ్మ బడికొచ్చి కచ్చితంగా చెప్పేసింది.

"టిప్పర్లు తిరిగే రోడ్డున ఆడపిల్లని సెంటర్ దాకా నడిపిచ్చను టీచరమ్మా. బస్సు బడికాడ ఆగితే పంపిస్తా. ఆగకపోతే నాతో మిరగ్గాయ కోతకొచ్చుద్ది."

అందుకని అయిదో తరగతి పిల్లలందరినీ బస్సు ఆపమని డిపో మేనేజరుకు ఉత్తరాలు రాయమంది మా ఆవిడ. ఆ సాయంత్రం ఇంటికి తెచ్చి చదువుతుంటే నేను మంచం మీద పడి నవ్వాను. అందరూ "డిపో మేనేజరు మామయ్యకు" అని మొదలుపెట్టారు. "నువ్వు బాగున్నావా? అత్త బాగుందా?" అని అడిగారు. మోహన్ అనే పిల్లాడు ఇంకో అడుగు ముందుకేసి, "బస్సు ఆపకపోతే మా ఊరు వచ్చినప్పుడు నీతో మాట్లాడను" అని బెదిరించాడు. వాళ్ల తప్పేముంది? ఆ ఊళ్లో ఎదురుపడ్డ ప్రతి మనిషీ మామో, బాబాయో, పెద్దమ్మో అవుతారు. ఏమీ కాని మనిషిని వాళ్లు పుట్టి ఎరగరు.

మర్నాడు క్లాసులో ఆమె అడిగిందట, "డిపో మేనేజరు మనకేమవుతాడు?" అని.

"బాబాయి" అన్నాడు మోహన్, మామయ్య కాదంటే అదే అయి ఉంటుందని.

"ఏమీ కాడు. మనకేమీ కాని మనిషిని కూడా మనకు కావాల్సింది అడగొచ్చు. అందుకే ఆఫీసు ఉత్తరం. బతిమాలేది ఉండదు, బెదిరించేది ఉండదు. మనమెవరం, ఏం కావాలి, ఎందుకు కావాలి, అంతే."

వారం పాటు రాయించింది, కొట్టేసింది, మళ్లీ రాయించింది. ఆఖరికి లక్ష్మి రాసింది అందరికీ నచ్చింది. దాని కింద అందరూ సంతకాలు పెట్టి, పోస్టులో వేశారు.

ఆ డిపో మేనేజరు నాకు బాగా తెలుసు. మా కొట్లోనే బిందెలు కొంటారు. "నేనొక మాట చెప్తే రేపే ఆగుద్ది కదే" అన్నాను.

"మీరు చెప్తే ఆగే బస్సు మీ బస్సవుద్ది. పిల్లలు రాస్తే వాళ్లదవుద్ది. మీరు నోరు మూసుకుని కొట్టు చూసుకోండి."

నోరు మూసుకున్నాను. కానీ ఏప్రిల్ వచ్చేసింది. జవాబు రాలేదు. లింగమ్మ కూలీల ముఠాలో మనవరాలి పేరు కూడా చెప్పేసిందని తెలిసి మా ఆవిడ అన్నం సరిగ్గా తినలేదు. నేనాగలేక ఒక మధ్యాహ్నం డిపో గేటు దాకా పోయాను. అక్కడ నిలబడి మా ఆవిడ మొహం తలుచుకుని, ఒక సోడా తాగి వెనక్కి వచ్చేశాను. ఈ సంగతి ఆమెకు ఇప్పటికీ తెలియదు.

బడి మూసే ముందు రోజుల్లో, అయిదో తరగతి వాళ్లకు తలా ఒక స్టీలు గ్లాసు ఇద్దామని స్కూటరు మీద తీసుకుపోయాను. లింగమ్మ అప్పటికే వరండాలో ఉంది. టీసీ అక్కర్లేదని చెప్పడానికొచ్చింది. పక్కనే లక్ష్మి తల వంచుకుని నిలబడింది. సరిగ్గా అప్పుడే పోస్టుమాన్ సైకిల్ స్టాండు వేశాడు.

కవరు మీద "కుమారి లక్ష్మి గారికి, అయిదవ తరగతి" అని ఉంది. మా ఆవిడ కవరు చించి కాగితం తీసింది. పైకి చదివింది.

"కుమారి లక్ష్మి గారికి, మీరు, మీ తోటి విద్యార్థులు పంపిన విజ్ఞప్తి అందినది. జూన్ నెల నుండి పాఠశాల వేళలలో బస్సును పాఠశాల వద్ద ఆపవలసినదిగా సిబ్బందికి ఆదేశాలు ఇవ్వడమైనది."

పిల్లలు కేకలు పెట్టారు. లింగమ్మకు బస్సు సంగతి చెవికెక్కినట్టు లేదు.

"గారా? ఎవురికి?" అంది.

"నీ మనవరాలికే."

"ఇంకోసారి చదువు టీచరమ్మా."

చదివింది. లింగమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఏమే, ఒసే అనేవాళ్లే గానీ, మా ఇంట్లో ఎవురినీ ఇంతవరకు గారు అన్లేదమ్మా" అని, "ఆ టీసీ కాగితమేదో రాయండి" అంది. నాకు కళ్లు చెమ్మగిల్లాయి. గ్లాసులు లెక్కపెడుతున్నట్టు నటించాను.

మర్నాడు ఆఖరి పాఠంగా మా ఆవిడ ఇంటి ఉత్తరం రాయించింది. మీ ఇంట్లో మీకు ఇష్టమైనవాళ్లకు, ఇంట్లో మాట్లాడినట్టే రాయండి, మర్యాదలేమీ వద్దు అని మరీ మరీ చెప్పిందట. సాయంత్రం ఎర్ర పెన్ను పట్టుకుని దిద్దడానికి కూర్చుంది. కాసేపటికి తిరిగి చూశాను. ఒకే కాగితాన్ని మళ్లీ మొదటినుంచి చదువుతోంది.

"ఏందే?" అన్నాను.

కాగితం నాకిచ్చింది. లక్ష్మి రాసింది.

"గౌరవనీయులైన లింగమ్మ గారికి, నమస్కారములు. జూన్ నెల నుండి నేను బస్సులో వెళ్లి బస్సులోనే వస్తాను. మీకు మోకాళ్ల నొప్పులు ఉన్నందున, మీరు నా కోసం రోడ్డు మీదికి రావద్దని మనవి. ఇట్లు, మీ విధేయురాలు, లక్ష్మి."

"ఇంటి ఉత్తరంలో ఈ గారులూ మనవులూ ఏందండీ" అంది మా ఆవిడ. "మొదటినుంచి చివరిదాకా తప్పే."

"దిద్దవా మరి?"

ఆమె ఎర్ర పెన్నుకు మూత పెట్టేసింది.

"దిద్దను. లింగమ్మ గారింటికి పోయి నేనే చదివి వినిపిస్తా. స్కూటరు తియ్యండి."