మామ్మ బొట్టు పెట్టిన మామత్

మొన్న నరసన్నపేటలో మనవరాలు సెల్‌ఫోనులో ఒక బొచ్చు ఏనుగును నడిపించి చూపిస్తూ మామత్, టస్క్, ఎక్స్‌టింక్ట్ అని గుక్క తిప్పుకోకుండా చెప్పేసరికి, ఆ మాటలు బంకమట్టితో పాటు నా గోళ్ల సందుల్లోకి ఎక్కిన చిన్ననాటి రోజులు గుర్తొచ్చాయి.

కోటబొమ్మాళి దగ్గర మా ఊరి బడిలో మా బాబాయే ఇంగ్లీషు మాస్టారు. నోటితో పలికిన మాటను చేత్తో చేసి చూపించేదాకా అది వచ్చినట్టు కాదనేది ఆయన పద్ధతి. శిల్పుల పాఠం, ఆదిమ జంతువుల పాఠం వెనకా ముందూ రావడంతో, ఆ ఏడు వినాయక చవితికి తెచ్చిన మట్టిలో మిగిలిన ముద్దతో నేను మామత్‌ను చేశాను. చేసేవాడు స్కల్ప్టర్, చెక్కే పుల్ల చిజెల్, లోపలి వెదురుబద్దలు స్కెలిటన్, పైన అతికిన కొబ్బరిపీచు ఫర్, వంచి గుచ్చిన వేపపుల్లలు టస్క్‌లు. బాబాయి ఒక్కొక్క పేరే చెబుతుంటే, మా కాలవగట్టు మట్టిలోంచి ఎవరికీ గుర్తులేని కాలమేదో లేచి నిలబడుతున్నట్టు ఒళ్లు గగుర్పొడిచేది.

ఆరడానికి దాన్ని వినాయకుడి పీట పక్కనే పెట్టాను. చవితినాడు మామ్మ దాని తొండం చూసి, పిల్లలు చేసుకున్న వినాయకుడనుకుని, బొట్టు పెట్టి, గరిక వేసి, అక్షతలు చల్లేసింది. మర్నాడే బడిలో ప్రదర్శన. మామత్‌ను పక్కన పెట్టుకుని నేను ఇంగ్లీషులో మాట్లాడాలి. పొద్దున్నే ఎత్తబోతే మామ్మ అడ్డం వచ్చింది.

“ముట్టుకోకురా! పూజయిపోనాది. నీళ్లల్లో కలపాల.”

బాబాయి నవ్వాడు. “అమ్మా, అది దేవుడు కాదే. మంచుయుగం నాటి ఏనుగు. ఇప్పుడు లోకంలో ఒక్కటీ లేదు.”

“ఒక్కటీ నేదా? ఓలమ్మా! పిల్లాజెల్లాతో సహా పోనాయేటి?”

బాబాయి నవ్వు ఆగిపోయింది. వారం నుంచి వల్లిస్తున్న ఎక్స్‌టింక్ట్ అన్న మాట ఎంత పెద్దదో నాకు అప్పుడు తెలిసింది.

మామ్మ దాని వీపు నిమిరి, “సరే, అట్టుకెల్లు. సాయంత్రం మల్లీ తెచ్చీయ్. ఇనాయకుడితో పాటు సాగనంపుదాం. ఎనకాల ఎవలూ నేనోడు కదా” అంది. తెస్తానని మాటిచ్చాను.

బడిలో చప్పట్లు మోగిపోయాయి. గాజు బీరువాలో ఉంచుదామని హెడ్మాస్టారు అంటే, దాని కింద అతికించిన నా పేరు చూసుకుని మురిసిపోయి తలూపాను.

కాలవ గట్టున మామ్మ వినాయకుణ్ణి పీట మీద పెట్టుకుని, మసక పడేదాకా నా కోసం చూస్తూనే ఉంది.

“ఏదిరా?”

“బీరువాలో ఉన్నాది మామ్మా. నా పేరు రాసి మరీ పెట్టారు.”

“పేరా” అంది, అంతే. తిట్టలేదు. వినాయకుణ్ణి నీళ్లలో వదిలి, ఆ తర్వాత మరో గుప్పెడు అక్షతలు ఖాళీ ప్రవాహంలో వేసింది. అవి ఎవరికని నేను అడగలేదు.

ఆ వేసవికి బీరువాలోని మట్టి బీటలు వారి రాలిపోయింది. ఎవరో ఊడ్చేసి ఉంటారు. ఇప్పుడు పిల్లలకు మాటలు తొందరగా వస్తున్నాయి, మంచిదే. వేలు తాకిస్తే ఎన్నడో పోయిన జంతువు లేచి నడుస్తుంది, మళ్లీ తాకిస్తే మాయమవుతుంది. దాన్ని సాగనంపాలని తోచే మనిషి మాత్రం మా ఇంట్లో లేకుండా పోయింది. ఇన్నేళ్లొచ్చినా నేను ఆ మనిషిని కాలేకపోయాను.