కరెంటు పోలేదని చెప్పిన రోజు

మొన్న మా మేనకోడలు కంప్యూటర్ ముందు కూర్చుని, నాలుగు దేశాల ఆఫీసులవాళ్లతో మీటింగులో, పండగని సగం మంది పనికి రాకపోయినా సూరత్‌లో అంతా సవ్యంగానే ఉందని చెప్పి నాకేసి కన్ను గీటింది. ఇక్కడి సంగతులు చెప్పినా వాళ్లకు తలకెక్కవత్తా అని అంతకు ముందే నాతో అంది. నాకు ఒళ్లు మండింది. తలకెక్కవని మనమే తీర్మానించేస్తే వాళ్లకు తెలిసేదెట్లా?

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మీటింగంటే అందరం ఒక్క ఫోను చుట్టూ చేరి చెవులు రిక్కించడమే. నేను ఈ సూరత్‌లోనే, ఉధ్నా పేటలో, మరమగ్గాలు అమ్మే ఒక విదేశీ కంపెనీలో చేసేదాన్ని. ఆ ఫోనులో మా ఆఫీసు సంగతులు చెప్పే పని నాదే. కొత్త మగ్గం బిగించి నడిపి చూపించే మేస్త్రీ మా పక్కింటి అన్నే, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన నేతపని ఇంటివాడు. పడుగు దారాలు ఎక్కించనిదే మగ్గం నడవదు, అమావాస్య నాడు కొత్త పడుగు ఎక్కించడం వాళ్ల ఇంటా వంటా లేదు. ఆ మాట పెద్దాఫీసుకు రాయడానికి మా సాహెబుకు నామోషీ, అందుకని అమావాస్య అడ్డొచ్చినప్పుడల్లా కరెంటు పోయిందని రాసేవాడు. వాళ్లు పాపం నమ్మి ఏకంగా ఒక జనరేటరు పంపించారు. మేమంతా పడీపడీ నవ్వుకున్నాం గానీ, వెనకే వచ్చిన కబురు విని నోళ్లు మూసుకున్నాం. ఇక కరెంటు వంక లేదు గనుక, ఈసారి చెప్పిన రోజున మగ్గం నడవకపోతే మేస్త్రీని మార్చేయమన్నారు. ఆ చెప్పిన రోజు అమావాస్యే.

అన్న మా గుమ్మంలో నిలబడి, "జర నువ్వన్న చెప్పు చెల్లె. తెల్లారి ఎక్కిస్త, రెండు షిఫ్టులు ఒక్కన్నే నిలవడి నడిపిస్త. గా ఒక్క రోజు నాతోని గాదు" అన్నాడు.

జనరేటరు పాడైందని చెప్పమన్నాడు సాహెబు. నేను చెప్పనన్నాను. ఫోను మీటింగులో అన్ని దేశాల ఆఫీసులూ వింటుండగా, నాకొచ్చిన ఇంగ్లీషులోనే, అది కరెంటు కాదు అమావాస్యని, మా మేస్త్రీ పనిలో వంక పెట్టగలవాళ్లుంటే పెట్టమని, ఆయన నమ్మకం మటుకు ఆయనదని చెప్పేశాను. సాహెబు వద్దు వద్దని చేతులు ఊపుతూనే ఉన్నాడు. అప్పుడు వియత్నాం ఆఫీసావిడ గొంతు సవరించుకుని, తమ దగ్గరా నెలలో కొన్ని తిథులకు కొత్త పని మొదలుపెట్టరని, తామైతే సామాను అందలేదని రాస్తున్నామని చెప్పింది. పెద్దాఫీసాయన నవ్వాడో తల పట్టుకున్నాడో గానీ, ఇకమీద ఎవరికి పడని రోజులు వాళ్లను ముందే చెప్పమన్నాడు. మగ్గం అమావాస్య మర్నాడు నడిచింది, అన్న నౌకరీ నిలిచింది. నాకు రావలసిన ప్రమోషన్ మాత్రం సాహెబు కోపానికి గాలికి పోయింది. పోతే పోయింది, ఇవాళ అడిగినా అదే మాట చెబుతాను.

అన్న ఇప్పుడు లేడు. ఆయన కొడుకులు అమావాస్య నాడూ పడుగు ఎక్కిస్తారు, అది వాళ్ల ఇష్టం, నాకు బాధేమీ లేదు. నా బాధల్లా వేరు. ఇప్పటి పిల్లలకు తెర మీద అందరి మొహాలూ కనిపిస్తాయి, అయినా ఎవరి ఊళ్లో మనుషులు ఏ రోజు పనికి రారో, ఎందుకు రారో ఒకరికొకరు చెప్పుకోరు. వియత్నాం ఆవిడ మొహం నేను ఈ జన్మలో చూడలేదు. వాళ్లకు పడని తిథులు మాత్రం ఇప్పటికీ నాకు నోటికి వచ్చు.