నిరుడెన్ని మాస్టారు

దేవరాజ్ మాస్టారి ముందు "ఈమధ్య ఎక్కువైపోయాయండీ" అనే మాట అనకూడదు. దోమలు కానివ్వండి, దొంగలు కానివ్వండి, పెళ్ళి భోజనంలో కూరలు కానివ్వండి, ఏది ఎక్కువైందన్నా ఆయన ఉన్నచోట ఆగిపోతారు. కళ్ళజోడు ముక్కు చివరికి దించి, "నిరుడెన్ని?" అని అడుగుతారు.

జగ్గయ్యపేటలో హెడ్మాస్టరుగా రిటైరై పన్నెండేళ్ళయింది. ఊళ్ళో అందరికీ ఆయన నిరుడెన్ని మాస్టారే. నేను ఆయన దగ్గర చదువుకున్నాను, తర్వాత ఆయన కిందే టీచరుగా చేరాను. అంటే ఆ ప్రశ్న దెబ్బ రెండు వైపులా తిన్నవాణ్ణి.

ఒకసారి బస్టాండు దగ్గర టీ పోస్తూ బసవయ్య, "దోమలు మరీ ఎక్కువైపోయినయ్ సార్" అన్నాడు.

"నిరుడెన్ని?"

"దోమల్నెవరు లెక్కపెడతారు సార్?"

"పెట్టనప్పుడు ఎక్కువైనట్టు నీకెట్టా తెలిసింది?"

బసవయ్య గరిట పట్టుకుని కాసేపు ఆలోచించాడు. "నిరుడు ఫ్యానుండేదిలెండి. కాలిపోయింది."

"మరి ఆ ముక్క చెప్పు. దోమల మీదకి తోస్తావేం?"

చర్చిలో పాస్టరు గారు "ఈ దినాలలో పాపము విస్తరించిపోయినది" అని గొంతు పెంచగానే, మూడో బెంచీలోంచి చెయ్యి లేచింది. "ఏ దినాలతో పోలిస్తే అయ్యగారూ?" ఆ ఆదివారం వాక్యం అక్కడితో ముగిసింది. ఇంకోసారి వాళ్ళావిడ, "ఇంట్లో బూజు ఎక్కువైపోయిందండీ, పోయిన నెల ఇంత లేదు" అన్నారు. మాస్టారు తాపీగా, "బూజు అంతే ఉంది. పోయిన నెల నీకు కంటి ఆపరేషన్ కాలేదు" అన్నారట. ఆ పూట ఆయన బయట టిఫిను చేశారు.

ఇవన్నీ చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. మా ఇంటిదాకా వచ్చేసరికి మాత్రం నవ్వు రాలేదు.

మేముండేది నందిగామలో. నా భార్య క్రిస్టీ బ్యాంకులో పనిచేస్తుంది. మా పెద్దమ్మాయి జాయిస్‌కి నాలుగేళ్ళు. పేరు పెట్టి పిలిస్తే పలకదు. మిక్సీ తిప్పితే చెవులు మూసుకుని మూలకు పోతుంది. విజయవాడలో డాక్టరు గారు మూడు దఫాలు చూసి ఆటిజం అన్నారు.

మా అమ్మ ఆదెమ్మ ఆ మాట ఒప్పుకోలేదు. "మా కాలంలో ఉందా ఈ పేరు? ఇప్పుడే ఎక్కువైపోయింది. మన వీధిలోనే ముగ్గురంట. పిల్లలకి ఫోన్లిచ్చి ఉద్యోగాలకి పోతే ఇంకేమవుద్ది?" అంది, క్రిస్టీకి వినపడేలా. క్రిస్టీ మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. నాలుగో రోజు అమ్మ తన ఫోనులో ఎవరో పంపిన వీడియో చూసి, ఇదంతా టీకాల వల్లేనని తేల్చేసింది.

మా చిన్నదానికి అప్పుడే తొమ్మిది నెలలు నిండాయి. బుధవారం తట్టు టీకా వేయించాలి. ఆ పొద్దున అమ్మ దాన్ని చంకనేసుకుని గదిలోకెళ్ళి గడియ పెట్టుకుంది.

"అత్తయ్యా, తలుపు తీయండి."

"తీయను. ఒకదాన్ని పాడుచేశారు చాలు. దీన్ని ముట్టుకోనివ్వను."

క్రిస్టీ బీరువా మీది సంచి దించి బట్టలు కుక్కడం మొదలుపెట్టింది. "పిల్లలిద్దర్నీ తీసుకుని మా అమ్మ దగ్గరికి పోతా" అంది. లోపల చిన్నది ఏడుస్తోంది. ఈ గోలకి జాయిస్ తల గోడకేసి కొట్టుకుంటోంది. దాని నుదుటికి నా అరచెయ్యి అడ్డం పెట్టి, రెండో చేత్తో మాస్టారికి ఫోన్ చేశాను.

సంగతంతా విని, "మీ అమ్మగారు ఎక్కువైపోయిందన్నారా?" అని అడిగారు.

"అన్నారు సార్."

"వస్తున్నా."

ముప్పావుగంటలో వచ్చారు. హెల్మెట్ తీయడం కూడా మర్చిపోయి, గది తలుపు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నారు.

"చెల్లెమ్మా, నేను దేవరాజ్‌ని."

"తెలుసన్నయ్యగారూ. నిరుడెన్ని అనడానికొచ్చారు."

"అనను. ఒక్క మాట చెప్పండి. మీ చిన్నప్పుడు మీ పుట్టినూరు ముక్త్యాలలో పిలిస్తే పలకని పిల్లలు, మాటరాని పిల్లలు ఎవరూ లేరా?"

"లేరు."

"దిష్టి తగిలిందనో, గాలి సోకిందనో ఎవర్నీ అనుకోలేదా?"

లోపల చిన్నదాన్ని జోకొట్టే చప్పుడు వినిపించింది.

"బెన్నిని ఏమనేవాళ్ళు చెల్లెమ్మా?"

బెన్ని మా అమ్మ తమ్ముడు. మా మేనమామ. చిన్నప్పుడు రెండుసార్లు చూశానేమో. మాటరాదని, దిష్టి తగిలిందని చెప్పేవాళ్ళు. పెళ్ళిళ్ళకు తీసుకొచ్చేవాళ్ళు కాదు. నాలుగేళ్ళుగా జాయిస్‌ని చూస్తూ కూడా నాకు ఒక్కసారైనా ఆయన గుర్తుకు రాలేదు.

లోపల్నుంచి అమ్మ గొంతు వచ్చింది. "వాడి సంగతి వేరన్నయ్యగారూ. వాడు కడుపులో ఉండగా మా అమ్మ గ్రహణం రోజున సున్నపురాయి కొట్టే పనికి పోయింది. అందుకే వాడట్టా పుట్టాడని మా నాయనమ్మ అనేది. ప్రాణం పోయేదాకా ఆ మాటతోనే పొడిచింది మా అమ్మని."

"మీ అమ్మగారి తప్పేనంటారా?"

"మా అమ్మేం చేసింది? పనికి పోకపోతే ఇంటిల్లిపాదీ ఏం తింటారు..."

మాట సగంలో ఆగిపోయింది. క్రిస్టీ చేతిలో చీర అలాగే ఉండిపోయింది. ఎదురు ప్రశ్న వేసే అవకాశం ఉండీ మాస్టారు వేయకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. తల దించుకుని హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

అమ్మే అడిగింది. "అయితే ఇది పెరగలేదంటారా?"

"ఆ మాట అననమ్మా. గుర్తుపట్టడం పెరిగింది, అది ఖాయం. పూర్వం బొత్తిగా మాటరానివాళ్ళని చూసి ఏదో పేరు పెట్టేవాళ్ళు. ఇప్పుడు మాటొచ్చి ఇబ్బందిపడే వాళ్ళని కూడా ఇందులోనే వేస్తున్నారు. అది తీసేస్తే నిజంగా ఎంత పెరిగిందో చదువుకున్న డాక్టర్లే ఇంకా తేల్చుకుంటున్నారు. కొంత పెరిగిందేమో. నాకు తెలీదు. టీకాల సంగతి మాత్రం లక్షలమంది పిల్లల్ని చూసి తేల్చారు, వాటివల్ల రాదని. అయినా బెన్ని పుట్టినప్పుడు మీ ఊళ్ళో తట్టు టీకా ఉందా?"

"ఎక్కడిదన్నయ్యగారూ? తట్టొచ్చే కదా మా చెల్లెలు పోయింది."

ఆ తర్వాత గడియ తీసిన చప్పుడు వినిపించింది. అమ్మ బయటికొచ్చి చిన్నదాన్ని క్రిస్టీ చేతుల్లో పెట్టింది. సంచిలో బట్టలు తనే తీసి మళ్ళీ బీరువాలో సర్దింది. "ఎండెక్కకముందే పోయి వేయించుకు రండి. జాయిస్‌ని నేను చూసుకుంటా" అంది.

మాస్టారు వెళ్ళబోతుంటే అమ్మ అడ్డం నిలబడింది. "మా బెన్ని మీకెట్టా తెలుసు?"

ఆయన తడబడ్డారు. "ఏదో... లెక్క కోసం వెళ్తుంటా" అని స్కూటరెక్కేశారు.

ఆ తర్వాతి ఆదివారం అమ్మే బయలుదేరదీసింది. మాస్టారితో కలిసి ఆటోలో అందరం ముక్త్యాల వెళ్ళాం. బెన్ని మామయ్య ఉండేది అమ్మ అన్నయ్య కొండలరావు ఇంట్లో. మేం వెళ్ళేసరికి బెన్ని మామయ్య గోడ వైపు తిరిగి కూర్చునున్నాడు. మాస్టారు సంచిలోంచి సబ్బు, బ్రష్షు, రేజరు తీశారు. మామయ్య ఇటు తిరిగి గడ్డం ఎత్తి ఇచ్చాడు.

"మా చేత గీయించుకోడు" అన్నాడు కొండలరావు మామయ్య. "ఈయన పదకొండేళ్ళుగా నెలనెలా వస్తన్నాడు. మొదట సర్వే అన్నాడు. ఈ చుట్టుపక్కల ఇట్టాంటి ఇళ్ళు ఇరవైమూడు తిరుగుతాడంట."

నేను మాస్టారిని పక్కకు పిలిచాను. "పదకొండేళ్ళుగా తేలని లెక్కేంటి సార్?"

"నా సర్వీసులో చదువుకి పనికిరారని ఆరుగురి పేర్లు రిజిస్టర్లోంచి కొట్టేశానురా. వాళ్ళేమయ్యారో చూద్దామని బయలుదేరితే ఇంతమంది కనపడ్డారు" అన్నారు, రేజరు కడుగుతూ.

"మరి సర్వే ఏంటి?"

"జాలిపడి వచ్చానంటే తలుపేస్తారు. లెక్కకొచ్చానంటే కుర్చీ వేస్తారు. ఇంక నోర్మూసుకో."

అమ్మ వెంట తెచ్చిన గారెలు బెన్ని మామయ్య ముందు పెట్టింది. ఆయన అమ్మ మొహం చూడలేదు గానీ ఆరు తిన్నాడు. తర్వాత లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళి, మా చెప్పులు ఒక్కో జతా తీసుకెళ్ళి వాకిట్లో రోడ్డువైపు తిప్పి వరసగా పెట్టాడు. నావి, క్రిస్టీవి, మాస్టారివి, చివర్లో జాయిస్ బుల్లి చెప్పులు.

"వాడికి చాలనిపిస్తే అంతే, పంపించేస్తాడు. ఏమీ అనుకోకండి" అని కొండలరావు మామయ్య మొహమాటపడ్డాడు.

మేం లేచి చెప్పులేసుకున్నాం. అమ్మవి మాత్రం కనపడలేదు. గుమ్మం దగ్గర లేవు, అరుగు కింద లేవు. వెతగ్గా వెతగ్గా, వెనక గదిలో మంచం కింద బెన్ని మామయ్య చెప్పుల పక్కన లోపలికి తోసి ఉన్నాయి. ఆయన మంచం మీద కూర్చుని మాకేసి చూడకుండా కాళ్ళు ఊపుతున్నాడు.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు.

"మీరు పదండర్రా. నేను రేపో ఎల్లుండో వస్తాలే" అంది.