రైల్వే బడ్జెట్ల వెనక దాచిన పుస్తకం

పుస్తకం దొరికిందని నాకు మొదట చెప్పింది లైబ్రరీ అటెండర్ అప్పలస్వామి గారు. బీరువాలు జరుపుతుంటే పాత రైల్వే బడ్జెట్ల వెనక కనిపించిందట. అందులోంచి సింహాచలం చందనం పొట్లం కాగితం తీసి నా ముందు పెట్టారు. పేజీ గుర్తుకని నేను పెట్టుకున్నదే. ఏమీ అడగలేదు. అడగనందుకు ఆయన మీద ఒళ్ళు మండింది.

తొమ్మిదేళ్ళుగా ఈ బరువు మోస్తున్నాను. మీకు చెప్పి దించుకుంటాను.

నేను బడికి వెళ్ళలేదు. నాన్నగారే ఇంట్లో చదువు చెప్పారు. ఆ చదువుతోనే పరీక్షలు కట్టి ఎకనామిక్స్ పరిశోధనలో చేరాను. నా గైడు దగ్గరే భీమిలి జాలరి ఇంటి పిల్ల నూకరత్నం కూడా చేరింది. ఇద్దరి పనీ భీమిలి ఒడ్డున జరిగే చేపల వేలంపాటల మీదే. మొదటి వారమే అందరి ముందూ నవ్వింది, "బడి మెట్టెక్కనోల్లకి రిఫరెన్సులేటి తెలుస్తాయి?" అని.

ఆ వేలంపాటల మీద పాత థీసిస్ ఒక్కటే ఉంది, ఒకటే ప్రతి. ముందు నాకు దొరికింది. అందులో నాలుగు పేజీలు నూకరత్నం అమ్మమ్మ చెప్పిన మాటలే, పేరుతో సహా. కావలసిన పుస్తకాన్ని వేరే అరలో దూర్చి మర్నాడు తీసుకోవడం మా పరిశోధకులందరికీ అలవాటే. నేనూ దాన్ని రైల్వే బడ్జెట్ల వెనక దూర్చాను. నాదీ ఆ అలవాటేనా? కాదు. ఆ సాయంత్రం దీపం పెట్టి, పుస్తకం నా చేతికే ఇచ్చావని అప్పన్నకు దండం పెట్టుకున్నదాన్ని, చేసిన పని ఏమిటో తెలియకుండానే పెట్టుకున్నానని ఎలా చెప్పను?

అమ్మమ్మ చెప్పిందంటే ఆధారం కాదు, రాతలో చూపించమని గైడు తేల్చేశారు. అప్పుడు నూకరత్నం నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, పాత థీసిస్ నీ కంట పడిందేటి? మా అమ్మమ్మ సెప్పిందంతా ఎవరో రాసుకెల్లారంట, అందులో ఉందంట."

"బడి మెట్టెక్కనిదాన్ని. నాకేటి తెలుస్తాదమ్మా?"

నన్నే చూస్తూ నిలబడింది. "నీకు తెల్సు. సెప్పవు, అంతే."

ఆధారం లేదని ఆమె అధ్యాయం కొట్టేశారు. పరిశోధన మానేసి వెళ్ళిపోయింది. ఆ నాలుగు పేజీలూ, ఎక్కడివో చెప్పకుండానే, నా థీసిస్‌లోకి వచ్చాయి. నాకు డాక్టరేటు వచ్చింది. పుస్తకం మాత్రం అక్కడే వదిలేశాను. బయటికి తీస్తే దాచిందెవరో తెలిసిపోతుంది.

ఇప్పటికీ ఆమె నవ్వు నాకు గిట్టదు. ఇంత రాసినా గిట్టలేదు. క్షమించమని ఎవరినీ అడగను. చెప్పేశాను, కాస్త ఊపిరి ఆడుతోంది.

భీమిలి వేలంపాటల మీద మీరెవరైనా చదివితే మూలాల జాబితాలో నా పేరు కనిపిస్తుంది. అక్కడ ఒక్క క్షణం ఆగి, నూకరత్నాన్ని తలుచుకోండి.